అశ్వసామర్థ్యం నిజంగా పెరిగిందా? మార్పు చేసిన స్పోర్ట్స్ కార్ల పరీక్షలపై విమర్శ

స్పోర్ట్స్ కారుకు కొత్త ఎయిర్ ఫిల్టరు, వెడల్పైన ఎగ్జాస్టు గొట్టం, ఇంజను కంప్యూటరుకు కొత్త ప్రోగ్రాము అమర్చి సామర్థ్యాన్ని పెంచుతామని చెప్పే వర్తకులు అమెరికా, ఐరోపా, జపాను దేశాలలో చాలామంది ఉన్నారు. వారు కొనేవాని చేతిలో పెట్టే సాక్ష్యం సాధారణంగా ఒకే ఒక కాగితం. దానిపై రెండు వక్రరేఖలు ఉంటాయి. క్రిందిది మార్పుకు ముందటిది, పైది మార్పు తరువాతిది. రెండింటి శిఖరాల మధ్యనున్న తేడాను లావుపాటి అంకెలలో వేస్తారు: 15 అశ్వసామర్థ్యాల లాభం! కళాశాల ప్రయోగశాలలో విద్యార్థి ఇటువంటి రికార్డు తెచ్చి చూపితే అధ్యాపకుడు మొదట అడిగేది ఒకటే: ఎన్నిసార్లు కొలిచావు, దోషపరిమితి ఎంత? వేల డాలర్లు పోసి కొన్న వస్తువు విషయంలో మాత్రం ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. అంకె యంత్రంనుండి వచ్చింది కనుక అది సత్యమని అనుకోవడం సర్వసాధారణమైపోయినది.

అశ్వసామర్థ్యమనే మాట తెలుగు రైతుకు క్రొత్తది కాదు. బావిమీద 5 హార్స్‌పవర్ మోటారు ఎంత నీరు తోడుతుందో అతనికి అనుభవం మీద తెలుసు. ఆవిరియంత్రాలను అమ్ముకోవడానికి వాటిని గుర్రాలతో పోల్చి చెప్పవలసి వచ్చి, జేమ్స్ వాట్ 1780ల ప్రాంతంలో ఒక గుర్రం పనిని నిమిషానికి 33,000 అడుగు-పౌనులుగా నిర్ణయించాడు. నేటి లెక్కలో అది 745.7 వాట్లు. అనగా ఈ ప్రమాణం పుట్టుకలోనే కొంత వ్యాపారం ఉన్నది. ఐరోపా ఖండంలో వాడుకలోనికి వచ్చిన మెట్రిక్ అశ్వసామర్థ్యం కొంచెం చిన్నది, 735.5 వాట్లు. అందుచేత 300 బ్రిటిష్ అశ్వసామర్థ్యాల ఇంజను మెట్రిక్ లెక్కలో 304 అవుతుంది. ఇందులో మోసమేమీ లేదు. ముందటి కొలతను ఒక ప్రమాణంలోను, తరువాతి కొలతను మరొక ప్రమాణంలోను చెప్పినప్పుడు మాత్రం ఒక్క మర కూడా విప్పకుండానే 4 గుర్రాలు పుట్టుకొస్తాయి.

సామర్థ్యాన్ని నేరుగా కొలిచే పరికరం లేదు. ఇరుసును త్రిప్పే బలభ్రామకాన్ని, అనగా టార్కును, తిరిగే వేగాన్ని వేరువేరుగా కొలిచి గుణించవలసిందే. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ప్రోనీ 1821లో ఇరుసుకు చెక్కదిమ్మలు బిగించి, దాని ఘర్షణను బరువులతో తూచి ఈ పని సాధించాడు. 1877లో విలియం ఫ్రౌడ్ చెక్కకు బదులు నీటిని వాడాడు. ఆధునిక పరిశోధనశాలలలో ఇంజనును కారులోనుండి తీసి, విద్యుత్తుతో పనిచేసే బ్రేకుకు కలిపి, ఒక్కొక్క వేగంవద్ద నిలకడగా నడిపి కొలుస్తారు. ఇది ఖర్చుతో కూడినది, కాలం పట్టేది. అయితే చర్చకు నిలిచే కొలత ఇదే.

ఇంజనును బల్లమీద పెట్టి కొలిచినంతమాత్రాన వివాదం తీరలేదు. ఏయే భాగాలను తగిలించి కొలవాలన్నది ఇంకొక సమస్య. 1971 వరకు అమెరికా కంపెనీలు గాలి ఫిల్టరు, సైలెన్సరు మొదలైనవి లేకుండా కొలిచిన గ్రాస్ అంకెలను ప్రకటించేవి. 1972 మోడళ్లనుండి అవన్నీ తగిలించి కొలిచిన నెట్ అంకెలకు మారారు. కార్వెట్ కారులోని ఎల్‌టీ-1 ఇంజనుకు 1971లో 330 అని చెప్పినవారే 1972లో 255 అన్నారు. ఇంజను దాదాపు అదే. 2005 ప్రాంతంలో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం (ఎస్.ఎ.ఇ.) నియమాలను బిగించినప్పుడు టయోటా కామ్రీ కారులోని 3 లీటర్ల ఇంజను 210 నుండి 190కి దిగింది. అప్పుడు కూడా కారు మారలేదు, లెక్క మారింది. ఇక వేల మైళ్లు తిరిగిన కారును వీధిలోని వర్క్‌షాపులో కొలిచినప్పుడు చిక్కులు ఎన్ని రెట్లవుతాయో ఊహించవచ్చును.

వర్క్‌షాపులలో ఎక్కువగా కనిపించేది జడత్వ డ్రమ్ము పద్ధతి. నేలలో అమర్చిన బరువైన ఉక్కు డ్రమ్ముమీద కారు చోదక చక్రాలను నిలిపి, కారు కదలకుండా పట్టీలతో కట్టి, ఆక్సిలరేటరును పూర్తిగా తొక్కుతారు. డ్రమ్ము జడత్వ భ్రామకం ముందే తెలుసు. అది ఎంత త్వరగా వేగం పుంజుకున్నదో కంప్యూటరు చూస్తుంది. జడత్వ భ్రామకాన్ని కోణీయ త్వరణంతో గుణిస్తే టార్కు, దానిని కోణీయ వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తాయి. న్యూటను సూత్రం తప్ప ఇందులో వేరే రహస్యమేమీ లేదు. నిర్మాణంలో సరళత, కొలతలో వేగం, ఖర్చులో పొదుపు, ఇవి ఈ పద్ధతి సుగుణాలు. వాటిని కాదనలేము.

లోపం ఎక్కడనగా, ఇంజను త్రిప్పేది డ్రమ్మును ఒక్కదానినే కాదు. ఫ్లైవీలు, గేర్లు, ఇరుసులు, చక్రాలు, టైర్లు అన్నీ డ్రమ్ముతోపాటే వేగం పుంజుకోవాలి. వాటికి పోయిన శక్తి కొలతలోకి రాదు. ఒకడు కారు చక్రాలు తీసి, తేలికైన అల్యూమినియం చక్రాలు వేసి మళ్లీ డ్రమ్ము ఎక్కిస్తే అంకె పెరుగుతుంది. ఇంజను చేసే పని రవ్వంత కూడా మారలేదు. దీనినే ఇంజను లాభంగా చూపితే అది అసత్యం. త్వరణంలో లాభంగా చూపితే న్యాయమే. అలాగే క్రింది గేరులో త్వరణం ఎక్కువ కనుక ఈ జడత్వపు ఖర్చు కూడా ఎక్కువ. మూడవ గేరులో ముందటి కొలత, నాల్గవ గేరులో తరువాతి కొలత తీసుకున్న కాగితాన్ని చించివేయవచ్చును. టైరులో గాలి తగ్గినా, పట్టీలు మరికొంత బిగించినా టైరు ఎక్కువగా నలిగి వేడెక్కి కొంత సామర్థ్యాన్ని తినివేస్తుంది. కాగితంమీద టైరు పీడనం వ్రాసే అలవాటున్న వర్క్‌షాపు కనబడితే, తక్కిన విషయాలలో కూడా దానిని కొంతవరకు నమ్మవచ్చును.

తరువాతది వాతావరణ సవరణ. పెట్రోలు ఇంజను సామర్థ్యం అది పీల్చిన గాలి ద్రవ్యరాశిని బట్టి ఉంటుంది. ఎండలో గాలి పలుచబడుతుంది, కొండమీద ఇంకా పలుచబడుతుంది. అందుచేత కొలిచిన అంకెను ఒక ప్రామాణిక వాతావరణానికి సరిచేస్తారు. ఎస్.ఎ.ఇ. ప్రమాణం 25 డిగ్రీల సెల్సియస్, 99 కిలోపాస్కళ్ల పొడిగాలి పీడనం. దాని సూత్రం ప్రకారం 35 డిగ్రీలవద్ద కొలిచిన అంకెను సుమారు 2 శాతం పెంచాలి. ఇంతవరకు సబబే. పాతకాలపు మరొక ప్రమాణం ఇంకా చల్లని, ఇంకా చిక్కని గాలిని ఆధారంగా తీసుకుంటుంది. దాని ప్రకారం అదే పరుగు సుమారు 4 శాతం ఎక్కువ చూపుతుంది. 250 అశ్వసామర్థ్యాల కారుకు ఇది 10 గుర్రాలు. సాఫ్ట్‌వేరులో ఒక మీట నొక్కితే చాలు, రెంచి పట్టవలసిన పని లేదు.

టర్బో ఇంజనులవద్ద ఈ సవరణ మరీ వికటిస్తుంది. టర్బో గాలిని బలవంతంగా కుక్కి, బయటి పీడనం తగ్గినా లోపలి పీడనాన్ని చాలావరకు నిలబెట్టగలదు. సముద్రమట్టానికి 1600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్ నగరంలో గాలిపీడనం తక్కువ కనుక సూత్రం అంకెను సుమారు 20 శాతం పెంచమంటుంది. మామూలు ఇంజనుకు అది న్యాయం. టర్బో ఇంజను పోగొట్టుకున్నది అంత లేదు. పోగొట్టుకోనిదానికి పరిహారం ఇచ్చినట్లే అవుతుంది. అక్కడ కొలిచి, సవరించి ముద్రించిన టర్బో అంకెలను సముద్రతీరపు అంకెల ప్రక్కన పెట్టి పోల్చడం శాస్త్రం కాదు.

చక్రాలవద్ద కొలిచిన అంకె ఇంజనువద్ద ఉన్నదానికన్న ఎప్పుడూ తక్కువే. ఈ తేడాను పూడ్చడానికి 15 శాతం అనే ఒక అంకె ప్రచారంలో ఉన్నది. ఇది ఏ ప్రయోగంనుండి వచ్చినదో దానిని వాడేవారిలో చాలామంది అడగరు. గేరుబాక్సులో నష్టాలు రెండు రకాలు. నూనెను చిలకడం, బేరింగుల నిరోధం వంటివి వేగాన్ని బట్టి ఉంటాయి, భారాన్ని బట్టి అంతగా మారవు. గేరుపళ్ల రాపిడి భారంతోపాటు పెరుగుతుంది. మొత్తం నష్టాన్ని ఒకే శాతంగా తీసుకుంటే ఏమవుతుందో చూడండి. 150 అశ్వసామర్థ్యాల కారులో నష్టం 22.5. అదే కారుకు టర్బో తగిలించి 300 చేస్తే అదే గేరుబాక్సు, అదే నూనె, అవే టైర్లు అదే వేగంవద్ద 45 అశ్వసామర్థ్యాలను మింగుతున్నాయని చెప్పవలసి వస్తుంది. 45 అనగా 33 కిలోవాట్లకు పైమాటే. 1500 వాట్ల విద్యుత్ పొయ్యిలు 22 కారుక్రింద ఒక్కసారిగా వెలిగించినంత వేడి! నష్టం కొంత పెరిగే మాట నిజమే గాని, చక్కగా రెట్టింపవుతుందనడానికి ఆధారం లేదు. అయినా వర్తకుడు చక్రాలవద్ద 20 పెరిగితే దానిని 0.85తో భాగించి 23.5 అని ముద్రిస్తాడు. కొలవని 3.5 కొలిచినదాని ప్రక్కన దర్జాగా కూర్చుంటుంది. పోలికకు చక్రాలవద్ద అంకెలే చాలు. రెండూ ఒకే చోట కొలిచినవైతే ఇంజనువద్ద ఎంతన్న ప్రశ్నే అనవసరం.

కొలతలో చెదురు సహజం. ఒకే కారు, ఒకే డ్రమ్ము, ఒకే గంటలో కూడా రెండు పరుగులు ఒకే అంకె చూపవు. ఉదాహరణకు మార్పుకు ముందు మూడు పరుగులు 201, 204, 202 అనీ, తరువాత మూడు 205, 203, 206 అనీ అనుకోండి. సగటులమధ్య తేడా 2.3 మాత్రమే. ఒక్కొక్క వరుసలోని చెదురే 3 ఉన్నది. ఇటువంటి ఫలితంమీద తీర్పు చెప్పడానికి మరికొన్ని పరుగులు కావాలి. కాని ముందటివాటిలో కనిష్ఠమైన 201ని, తరువాతివాటిలో గరిష్ఠమైన 206ను ఎన్నుకుంటే 5 అశ్వసామర్థ్యాల లాభం తయారవుతుంది. అబద్ధం ఒక్కటి కూడా చెప్పనక్కరలేదు, రెండు అంకెలూ నిజంగా వచ్చినవే. ఇంజను వేడి సంగతి ఇంతకన్న జటిలమైనది. వరుసగా పరుగులు తీస్తే గాలి లోపలికి పోయే గొట్టాలు వేడెక్కి అంకె దిగుతుంది. ముందటి కొలత మూడవ వేడి పరుగునుండి, తరువాతి కొలత విడిభాగాలు బిగించే రెండు గంటలలో చల్లారిన ఇంజను మొదటి పరుగునుండి తీసుకుంటే, బిగించినది ఏదైనా లాభమే చూపుతుంది.

దీనికి మందు త్రాసు వాడేవారికి ఎప్పటినుండో తెలుసు. త్రాసు మీద అనుమానం కలిగితే సరుకును రెండవ తట్టలో వేసి మళ్లీ తూస్తారు. ఇక్కడ కూడా పాత భాగంతో కొలిచి, కొత్తది బిగించి కొలిచి, తిరిగి పాతదే బిగించి మూడవసారి కొలవాలి. మూడవ కొలత మొదటిదానికి తిరిగి రాకపోతే మధ్యలో వచ్చిన లాభం భాగానిది కాదు, వాతావరణానిదో వేడిదో. శ్రమ ఎక్కువ కావడంవల్లనే ఈ పద్ధతి అరుదు.

ఎయిర్ ఫిల్టరు విషయంలో డ్రమ్ము కూడా లేకుండా అసలు సంగతి తేల్చే ఉపాయం ఒకటున్నది. ఫిల్టరు తరువాత గొట్టానికి చిన్న రంధ్రం చేసి, యు-ఆకారపు గాజుగొట్టంలో రంగునీరు పోసి తగిలిస్తే, ఫిల్టరు గాలిని ఎంత అడ్డగిస్తున్నదో నీటిమట్టాల తేడా చెబుతుంది. 1 కిలోపాస్కల్ అనగా సుమారు 10 సెంటీమీటర్ల నీరు. పూర్తి వేగంవద్ద తేడా 10 సెంటీమీటర్లే ఉంటే ఫిల్టరు దోచుకుంటున్నది వాతావరణ పీడనంలో నూటికి ఒక పాలు. ఫిల్టరును పూర్తిగా పారవేసినా ఆ అడ్డు తొలగడంవల్ల 200 అశ్వసామర్థ్యాల ఇంజనుకు కలిగే మేలు 2కు అటూ ఇటూ మాత్రమే. 15 రావాలంటే పాత ఫిల్టరువద్ద నీరు 75 సెంటీమీటర్లు లేచి ఉండాలి. గొట్టం పొడవు మారినందువల్ల గాలి అలలు కుదిరి ఒక వేగంవద్ద కొంత లాభం రావచ్చును, చల్లని గాలి అందితే మరికొంత రావచ్చును. అవి వేరే కారణాలు, వేరుగా నిరూపించవలసినవి. చల్లని గాలి సంగతిలో ఒక తమాషా ఉన్నది. డ్రమ్ముమీద పరీక్షించేటప్పుడు బానెట్టు తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెడతారు. ఇంజను ప్రక్కనే తెరిచి ఉన్న కొత్త ఫిల్టరుకు చల్లగాలి తగులుతుంది. రోడ్డుమీద బానెట్టు మూసి ఉంటుంది, ఆ ఫిల్టరే రేడియేటరు వేడిగాలిని పీల్చుతుంది. కారు ముందుభాగంనుండి గాలి తెచ్చే పాత గొట్టమే మేలు కావచ్చును.

ఇన్ని లోపాలున్న డ్రమ్మును పారవేయవలసిందేనా? కాదు. దానిని పోలికకు వాడినప్పుడు అది గొప్ప కంపెనీలను కూడా లొంగదీసినది. 1999లో ఫోర్డు కంపెనీ మస్టాంగ్ కోబ్రా కారుకు 320 అశ్వసామర్థ్యాలని ప్రకటించినది. 1998 మోడలుకు 305 ఉండేది. కొన్నవారు డ్రమ్ములమీద పరీక్షించగా ఆ పెరుగుదల కనబడలేదు. ఒక్క కారులోనో, ఒక్క వర్క్‌షాపులోనో ఐతే కంపెనీ తోసిపుచ్చి ఉండేది. ఫిర్యాదులు పలుచోట్లనుండి వచ్చినవి. 1999 ఆగస్టులో ఫోర్డు అమ్మకాలు నిలిపి, అమ్మిన కార్లను వెనుకకు పిలిచి గాలి లోపలికి పోయే మానిఫోల్డును, ఇంజను కంప్యూటరును, ఎగ్జాస్టు భాగాలను మార్చి ఇవ్వవలసి వచ్చినది. మామూలు కోబ్రా మోడలు 2000లో రానేలేదు. మాజ్దా మియాటా కథ కూడా ఇటువంటిదే. 2001 మోడలుకు అమెరికాలో 155 అని చెప్పి, తరువాత 142 అని ఒప్పుకొని, కార్లను తిరిగి కొంటామని, ఉంచుకొనేవారికి 500 డాలర్లు, ఉచిత సర్వీసు ఇస్తామని కంపెనీ ముందుకు వచ్చినది. 13 అశ్వసామర్థ్యాల తేడా అనగా 8 శాతానికి పైగా. అంత తేడాను దాచగల చెదురు సరిగా నడిపిన డ్రమ్ములో ఉండదు. 2, 3 శాతం లాభాలను చాటే కాగితాలకు ఈ బలం లేదు.

డ్రమ్ము అందుబాటులో లేనివారు రోడ్డుమీద గడియారంతో పరీక్షిస్తారు. దీని లెక్క తెలుసుకోదగినది. 1500 కిలోగ్రాముల కారు సెకండుకు 20 మీటర్ల వేగంనుండి 30 మీటర్ల వేగానికి 4 సెకండ్లలో చేరిందనుకోండి. గతిశక్తిలో పెరుగుదల 3,75,000 జౌళ్లు. 4తో భాగిస్తే సుమారు 94 కిలోవాట్లు, అనగా 126 అశ్వసామర్థ్యాలు. గాలి నిరోధం, టైర్ల నిరోధం దీనికి కలుపుకోవాలి. గడియారం నొక్కడంలో పదోవంతు సెకండు తప్పితే ఫలితం 3 అశ్వసామర్థ్యాలకు పైగా తప్పుతుంది. నూరు మీటర్లకు ఒక్క మీటరు వాలు కంటికి ఆనదు. అయినా అది సుమారు 5 అశ్వసామర్థ్యాలను మింగుతుంది, ఎదురుదిక్కున నడిపితే అన్నిటినీ దానం చేస్తుంది. ముందటి కొలతలో నిండుగా ఉన్న 40 లీటర్ల పెట్రోలు ట్యాంకు తరువాతి కొలతనాటికి ఖాళీ అయితే కారు 30 కిలోగ్రాములు తేలికపడి మరో 2 శాతం లాభం వచ్చినట్లు కనబడుతుంది. రెండు దిక్కులలోను నడిపి సగటు తీయడం, ప్రతిసారి పెట్రోలు ఒకే మట్టానికి పోయడం, గాలి లేని వేకువవేళ ఎన్నుకోవడం, ఈ మూడూ పైసా ఖర్చు లేనివి. ఇవన్నీ మూసివేసిన ట్రాకుమీద చేయవలసినవేగాని ప్రజలు నడిచే రోడ్డుమీద కాదు.

పావుమైలు పందెపు ట్రాకులలో మరొక మంచి సాక్ష్యం దొరుకుతుంది. అక్కడ చాలామంది పట్టిన సమయాన్నే చెప్పుకుంటారు. సమయం బయలుదేరేటప్పటి టైరు పట్టును, డ్రైవరు నేర్పును బట్టి మారిపోతుంది. గీత దాటేటప్పటి వేగం అంతగా మారదు. అది సామర్థ్యాన్ని బరువుతో భాగించగా వచ్చినదాని ఘనమూలంతో సుమారుగా అనుపాతంలో ఉంటుంది. అనగా సామర్థ్యం 3 శాతం పెరిగితే వేగం 1 శాతం పెరుగుతుంది. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో దాటే కారు 161.6తో దాటాలి. 15 గుర్రాలు కొన్నానని చెప్పేవాని వేగం అంగుళమైనా కదలకపోతే, ఏ కాగితాన్ని నమ్మాలో తేల్చుకోవడం అతనికే వదలవచ్చును.

కొలత సరైనదైనా మిగిలే ప్రశ్న ఒకటున్నది, ఆ లాభం ఎంతసేపు నిలుస్తుంది? కంప్యూటరు ప్రోగ్రాము మార్చి స్పార్కును ముందుకు జరిపితే డ్రమ్ముమీద అంకె నిజంగానే పెరగవచ్చును. డ్రమ్ముమీద ఒక పరుగు సాధారణంగా పది పదిహేను సెకండ్లలో ముగుస్తుంది. అంతలో సిలిండరు గోడలు, పిస్టను పూర్తిగా వేడెక్కవు. అదే కారు వేసవిలో పొడుగాటి ఘాటు రోడ్డుమీద నాలుగైదు నిమిషాలు పూర్తి భారంతో ఎక్కితే, మిశ్రమం స్పార్కు మంటకన్న ముందే పేలి నాకింగ్ మొదలవుతుంది. ఇంజనుకు అమర్చిన నాక్ సెన్సరు దానిని పసికట్టగా కంప్యూటరు స్పార్కును వెనుకకు లాగితే కొన్న గుర్రాలు అక్కడే దిగిపోతాయి. ఎక్కువ అంకె కోసం ఆ సెన్సరు హద్దులను కూడా సడలించి ఉంటే పిస్టను పైభాగం కరిగి చిల్లు పడుతుంది. కాబట్టి ప్రోగ్రాము అమ్మేవాడిని అడగవలసినది శిఖరపు అంకె కాదు. భారం నిలిపి ఉంచగల బ్రేకు డైనమోమీటరుమీద, ఒకే వేగంవద్ద, కనీసం కొన్ని నిమిషాలు నడిపి, ఆ సమయంలో లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రతను, గాలి-పెట్రోలు నిష్పత్తిని, నాక్ సెన్సరు సూచనలను ప్రక్కప్రక్కన గీసిన పటం చూపమనాలి. అటువంటి పటం ఇచ్చేవారు లేకపోలేదు. వారి కాగితంమీద లాభం సాధారణంగా 15 ఉండదు, 6 గాని 7 గాని ఉంటుంది.